పెయిర్లు (కలిసి కోడు రాసే జంటలు) మార్చమంటే టీం మొత్తం ముఖం ముడుచుకుంది. ఎన్నాళ్ళకోసారి మార్చాలి, ఎట్టా మార్చాలి?

ప్రశ్న: నెల్లూరు, దర్గామిట్ట నుంచి

అందరికీ నమస్తే. దర్గామిట్టలో మాదొక చిన్న ఆఫీసు. కోడు రాసేది ఆరుగురం, టీం చూసుకునేది నేను. రొయ్యల ఏజెంట్లకు, మేత డీలర్లకు లెక్కల సాఫ్ట్‌వేరు చేస్తాం. గుంట దగ్గర పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మడం) జరిగేటప్పుడు కాటా తూకం, కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలో ఆ లెక్క) ఫోన్లో కొడితే రైతుకు అక్కడికక్కడే బిల్లు వచ్చేస్తుంది. మేత బాకీ ఉంటే అందులోనే తీసేస్తుంది.

ఏడాదిన్నరగా ఇద్దరిద్దరం ఒకే సిస్టం ముందు కూర్చుని రాస్తున్నాం. ఒకరు కీబోర్డు మీద ఉంటే ఇంకొకరు పక్కన చూస్తా, అడుగుతా, తర్వాత ఏం రావాలో చెప్తా ఉంటారు. చెన్నైలో ఉద్యోగం చేసినప్పుడు పట్టుకున్న అలవాటు ఇది. నెల్లూరికి వచ్చేశాక కూడా వదల్లేదు. పెయిర్ ప్రోగ్రామింగ్ వల్ల మాకు మంచే జరిగింది, దాని మీద నాకు ఫిర్యాదేమీ లేదు. కాకపోతే మొదటి వారం ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో ఈ రోజుకీ వాళ్ళే కూర్చుంటున్నారు. ఒక జంట కౌంటు, రేటు లెక్కలు. ఒక జంట మేత బాకీలు. నేనూ కావలి అమ్మాయీ మొబైల్ యాప్. ఒక జంట రాసింది ఇంకో జంట తెరిచి చూడటం కూడా మానేసింది.

ఇది ఎంత ప్రమాదమో రెండు నెలల కింద తెలిసింది. రేటు లెక్కలు చూసే ఇద్దరిలో ఒకబ్బాయికి పెళ్ళి. ముహూర్తం రాత్రి పూట. ఇంకొకతను ఎవరనుకున్నారు, తోడుపెళ్ళికొడుకు. ఏడాదిన్నర పక్కపక్కన కూర్చుంటే అంత స్నేహం కుదరదా మరి. ఇద్దరూ సెలవులో ఉన్నారు. నేనే సంతకం పెట్టాను, అప్పుడు నాకేమీ తట్టలేదు.

ఆ రాత్రి పదకొండు గంటలకు ఇందుకూరుపేట వైపు నుంచి ఏజెంటు ఫోను. గుంట గట్టు మీద పట్టుబడి నడుస్తోంది, ఐసు లారీ నిలబడి ఉంది. బిల్లులో ఒక రేటు, రైతు ఫోనుకు వెళ్ళిన మెసేజీలో ఇంకో రేటు. రొయ్యల సంగతి తెలియనివాళ్ళకు: కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంటు. కౌంటు పెరిగితే రొయ్య చిన్నదని అర్థం, రేటు తగ్గుతుంది. మా ఏజెంట్లు 40 కౌంటుకు ఒక రేటు, 50 కౌంటుకు ఒక రేటు చెప్తారు. మధ్యలో ఎంత వస్తే ఆ తేడాను పది భాగాలు చేసి కౌంటుకు ఒక భాగం తగ్గిస్తారు. ఆ రోజు శాంపిల్ కౌంటు 44.6 వచ్చింది. మా కోడులో ఒక చోట ముందే 45 చేసి లెక్క కట్టారు, ఇంకో చోట 44.6తోనే కట్టి చివర్లో రౌండ్ చేశారు. ఈ సంగతి నాకు మర్నాడు మధ్యాహ్నం గానీ అర్థం కాలేదు. ఆ రాత్రి మాత్రం నలుగురం ఆ ఫైలు తెరిచి పెట్టుకుని ఊరికే చూస్తా కూర్చున్నాం. పీటల మీద ఉన్న పిల్లోడికి ఫోను చెయ్యడానికి నాకు మనసొప్పలేదు. ఏజెంటు చివరికి కాగితం మీద రాసిచ్చి లారీ పంపించాడు. రైతు మాత్రం ‘మీ మిషను నన్ను మోసం చేసిందా?’ అని అడిగాడంట. ఆ మాట ఇంకా నా చెవిలోనే ఉంది.

సోమవారం రాగానే బోర్డు మీద పట్టిక రాశాను. రోజూ పొద్దున జంటలు మారాలి, అందరూ అన్నీ చెయ్యాలి అని. అయిదు రోజులు నడిచింది. మా సీనియర్ ఒకాయన మూడో రోజుకే ‘రోజుకొకరికి మొదట్నుంచీ చెప్పుకుంటా పోతే నేను కోడెప్పుడు రాయాలి మేడం?’ అన్నాడు. మేత బాకీల పని బుధవారం సగంలో ఉండగా ఇద్దరినీ లేపేసి కొత్త ఇద్దరిని కూర్చోబెట్టాను. వాళ్ళు గురువారమంతా పాతవాళ్ళు ఏం అనుకున్నారో ఊహించడంతోనే సరిపెట్టారు. పోయినేడు చేరిన గూడూరు అబ్బాయి సీనియర్ పక్కన పడిన రోజు ఒక్క మాటా మాట్లాడలేదు, సాయంత్రం దాకా తలూపుతానే ఉన్నాడు. శుక్రవారం నేనే పట్టిక చెరిపేశాను.

నాకు తెలియాల్సింది ఇదీ. మీ టీముల్లో ఎన్నాళ్ళకోసారి మారుస్తారు? పని సగంలో మారుస్తారా, అయ్యాక మారుస్తారా? ఇష్టం లేని సీనియర్‌ని ఎట్టా ఒప్పించారు? చేసినవాళ్ళు చెప్పండి. పుస్తకంలో రాసినవి నేనూ చదివాను.


జవాబు: ఒంగోలు నుంచి

మేడం, మీ పట్టికలో నాకు కనబడిన తప్పు ఒకటే. ఇద్దరినీ ఒకేసారి లేపారు.

నేను బెంగళూరు కంపెనీకి ఒంగోలు ఇంటి నుంచి పనిచేస్తున్నాను, పధ్నాలుగేళ్ళ అనుభవం. మా దగ్గర నియమం ఇదీ: పని దగ్గర ఒకరు ఉండిపోవాలి, ఒకరు కదలాలి. ఈ రోజు రేటు లెక్కల మీద మీరూ నేనూ కూర్చున్నామనుకోండి. రేపు నేను లేచి మేత బాకీలకు పోతాను, మీ పక్కకు ఇంకొకరు వస్తారు. ఎల్లుండి మీరు లేస్తారు, ఆ వచ్చినవాళ్ళు ఉండిపోతారు. ఒక పని మీద మనిషి వరసగా రెండు రోజులు ఉంటాడు, ఒక మనిషి పక్కన ఒక రోజే ఉంటాడు. నిన్న ఏం జరిగిందో తెలిసినవాళ్ళు కుర్చీలో ఎప్పుడూ ఒకరు ఉంటారు కాబట్టి మీ గురువారం లాంటి గురువారం రాదు. పొలంలో కూడా అంతే కదా, నీళ్ళు ఏ మడిలో ఎంతవరకు వచ్చాయో చెప్పకుండా రాత్రి కాపలావాడు ఇంటికి పోడు.

ఆరుగురికి లెక్క చాలా తేలిక. ఆరుగురిలో కుదిరే జంటలు 15. రోజుకు మూడు జంటలు, అంటే తక్కువలో తక్కువ అయిదు రోజుల్లో అందరూ అందరి పక్కనా ఒకసారి కూర్చోవచ్చు. కచ్చితంగా అట్టాగే తిరగాలని పట్టుబట్టకండి. ఒక అట్టముక్క మీద మెట్ల లాగా పట్టిక గీయండి, నిలువునా పేర్లు, అడ్డంగా పేర్లు. ఇద్దరు కలిసి కూర్చున్న రోజు ఆ గడిలో ఒక గీత పెట్టండి. నెల తిరిగేసరికి ఏ గడి నల్లబడిందో, ఏ గడి తెల్లగా ఉందో అందరికీ కనబడుతుంది. రేపు ఎవరి పక్కన కూర్చోవాలో పిల్లకాయలే చూసుకుంటారు. మీరు బోర్డు మీద రాస్తే అది మీ ఆర్డరు. గడి ఖాళీగా కనబడితే ఆ ఖాళీ వాళ్ళది.

ఇది కొత్త సంగతేమీ కాదు. 1996లో కెంట్ బెక్ అనే ప్రోగ్రామరు క్రైస్లర్ కార్ల కంపెనీ జీతాల సాఫ్ట్‌వేరు పని చేపట్టాడు, ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ అనే సాఫ్ట్‌వేరు రాసే పద్ధతికి ఆ పేరు అక్కడి నుంచే వచ్చింది. ఇద్దరిద్దరుగా రాయడంతో పాటే మనుషులు అటూ ఇటూ మారుతూ ఉండాలన్నది మొదటి నుంచీ ఉంది. మనం పక్కన కూర్చోవడం ఒకటి తీసుకుని లేవడం వదిలేశాం. 2005లో ఆర్లో బెల్షీ అనే ఆయన తన టీం అనుభవం రాశాడు. రకరకాల గడువులు పెట్టి చూస్తే వాళ్ళకు 90 నిమిషాలకోసారి మారడం బాగా కుదిరిందట. దాన్ని మీరు ఇప్పుడే నెత్తికెత్తుకోవద్దు. రోజూ మారడమే అలవాటు లేని టీముకు గంటన్నర అంటే ఊపిరాడదు. అందులో నాకు నచ్చింది వేరే: కొత్తగా వచ్చి కూర్చున్నవాడు తెలియనితనంతో అడిగే ప్రశ్నలకు ఆయన చాలా విలువిచ్చాడు. మీ 44.6 సంగతే చూడండి. ఏడాదిన్నర కలిసి కూర్చున్న ఇద్దరికీ అది కనబడలేదు. బయటి నుంచి ఎవరన్నా వచ్చి కూర్చుని ‘రెండు చోట్ల ఎందుకు రౌండ్ చేస్తున్నారు?’ అని ఒక్కసారి అడిగి ఉంటే ఆ రైతు చేత ఆ మాట అనిపించుకునే అవసరం రాకపోను.

ఇక మీ సీనియర్ సంగతి. ఆయన చెప్పింది కొట్టిపారేయకండి. చెప్పిందే చెప్పడం నిజంగానే అలసట. కానీ దాని వెనక ఇంకోటి ఉంటుంది, నాకూ ఉండేది. ‘ఈ పని నాకొక్కడికే తెలుసు’ అన్నదే చిన్న ఊళ్ళో మన ఉద్యోగానికి భద్రత అనుకుంటాం. హైదరాబాదులో అయితే పక్క వీధిలో ఇంకో ఉద్యోగం దొరుకుతుంది. ఒంగోల్లో, నెల్లూర్లో ఎన్ని ఆఫీసులున్నాయి? ఆయన్ని విడిగా టీకి తీసుకెళ్ళి, జీతం, ప్రమోషను దేన్ని బట్టి చూస్తారో సూటిగా చెప్పండి. ‘మీరు నేర్పినవాళ్ళు ఎంతమంది రేటు లెక్కలు ముట్టుకోగలుగుతున్నారు అన్నదే నేను చూసేది’ అని చెప్పి, దానికి కట్టుబడండి. మా మేనేజరు నాకు అట్టాగే చెప్పింది. ఆ ఏడాది అప్రైజల్లో అట్టాగే చేసింది కూడా. అప్పుడుగానీ నాకు నమ్మకం కుదరలేదు.


జవాబు: కావలి నుంచి

అక్కా, నేను మీ టీములో అమ్మాయిని కాదు, కావలి అనగానే కంగారు పడకండి. నేను చెన్నై కంపెనీలో రెండేళ్ళ కింద చేరాను. మీ గూడూరు అబ్బాయి గురించి చెప్పాలని రాస్తున్నా.

తలూపేవాళ్ళం ఎందుకు తలూపుతామంటే, కీబోర్డు సీనియర్ చేతిలో ఉంటుంది కాబట్టి. ఆయన వేళ్ళు మన ఆలోచన కంటే ముందు పోతాయి. ఆపి అడిగితే పని చెడగొట్టినట్టు ఉంటుంది. మా లీడ్ ఒక పద్ధతి పెట్టారు. ఆలోచన ఎవరిదైతే కీబోర్డు వాళ్ళ చేతిలో ఉండకూడదు, ఎదుటివాళ్ళ చేతుల మీదుగానే అది కంప్యూటర్లోకి పోవాలి. లూవెలిన్ ఫాల్కో అనే ఆయన చెప్పిన పద్ధతంట. సీనియర్‌కి ఏం చెయ్యాలో తెలుసు కాబట్టి ఆయన నోటితో చెప్పాలి, నేను కొట్టాలి. నాకు అర్థం కాకపోతే నా వేళ్ళు ఆగిపోతాయి, ఆయన చెప్పక తప్పదు. నేను నోరు తెరిచి ‘అర్థం కాలేదు సార్’ అనాల్సిన పనే లేదు. మొదటి వారం నాకు ఏడుపొచ్చింది, ఆయనకు విసుగొచ్చింది. రెండో నెలకు ఆయన ఒక్క మాటతో చెప్తే నేను పది లైన్లు రాసేదాన్ని.

ఇంకొకటి, ఇది మగవాళ్ళు ఎవరూ రాయరు గనక నేనే రాస్తున్నా. జంటలు మార్చేటప్పుడు అమ్మాయిలను ముందు ఒక మాట అడగండి. మీరు ఆడవాళ్ళు, మీకు చెప్పక్కర్లేదు. రోజంతా ఒకరి పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవాలి. ఎవరి పక్కనన్నా ఇబ్బందిగా ఉంటే కారణం అడక్కుండా ఆ గడి ఖాళీగా వదిలేసే వీలుండాలి. మా దగ్గర రెండు మానిటర్లు, రెండు కీబోర్డులు ఒకే సిస్టానికి పెట్టారు, మధ్యలో చేతులు చాపుకునేంత చోటు వదిలారు. ఆరున్నర దాటితే పెయిరింగ్ లేదు, కావలి బస్సు పట్టుకోవాలిగా. ఇంత చిన్న ఏర్పాటుతో నాకు చాలా ధైర్యం వచ్చింది.


జవాబు: వెంకటగిరి నుంచి

నాది కొంచెం ఎదురు మాట. ఏమీ అనుకోకండి.

మాది నేత ఇల్లు. జాందానీ చీర నేసేటప్పుడు మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుంటారు. పోగుల మధ్య చిన్న కండెలు చేత్తో తిప్పుతా బుటా ఎక్కిస్తారు. మా ఇంట్లో నాన్న, చిన్నాన్న అట్టా కూర్చునేవాళ్ళు. ఒక చీర మొదలుపెట్టాక మధ్యలో మనిషిని మార్చే మాటే లేదు. ఇద్దరి చేతి బిగువు ఒకటి కావడానికే కొన్నాళ్ళు పడుతుంది. ఒకరు లేచి ఇంకొకరు కూర్చుంటే ఆ జానెడు మేర నేత తేడా తెలిసిపోతుంది, చూసేవాళ్ళకు తెలియకపోయినా మా నాన్న వేలు పెట్టి చూపించేవాడు.

కోడు చీర కాదని ఒప్పుకుంటా. చీర ఇంకొకరు తెరిచి సరిదిద్దక్కర్లేదు, కోడును పదేళ్ళ తర్వాత కూడా ఎవరో ఒకరు తెరవాలి. అయినా చేతులు కలవడానికి టైం పడుతుందన్నది రెండింటికీ నిజమే. మా టీములో రోజూ మార్చి చూశాం, వదిలేశాం. ఇప్పుడు ఒక పని అయ్యేదాకా అదే జంట. పని మాత్రం చిన్నదిగా కొయ్యాలి, మూడు నాలుగు రోజులకు మించకూడదు. అంతకంటే పెద్దది వస్తే ముందు దాన్నే రెండు ముక్కలు చేస్తాం. పని అవగానే ఇద్దరూ విడిపోవాల్సిందే, వరసగా రెండోసారి కలిసి కూర్చోకూడదు. ఇట్టా చేసినా నెల రోజుల్లో మీ మెట్ల పట్టిక నిండుతుంది, సగంలో లేపిన బాధ ఉండదు.

ఒంగోలు అన్న చెప్పిన ‘ఒకరుండాలి ఒకరు కదలాలి’ నాకూ నచ్చింది. కానీ మేడం టీము ఒకసారి దెబ్బ తిని ఉంది. మళ్ళీ రోజూ మార్పు అంటే ఆ మాట వినగానే బిగుసుకుంటారు. నేనైతే పని ముగిశాక మార్చడంతోనే మొదలుపెడతా.


జవాబు: కందుకూరు నుంచి

చిన్న చిన్నవి కొన్ని. అందరి సిస్టంలూ ఒక్కలాగే పెట్టండి ముందు. కోడు రాసే ఎడిటరు ఒకరిది విమ్, ఒకరిది వీఎస్ కోడ్, ఒకరి షార్ట్‌కట్లు ఇంకొకరికి రావు. మారిన ప్రతిసారీ అరగంట దానికే పోతుంది, తిట్టు మాత్రం రొటేషనుకు తగులుతుంది. ఫార్మాటర్ (కోడును ఒకే తీరున సర్దే టూలు) ఒకటే ఉండాలి, స్పేసుల మీద తగువు ఉండకూడదు.

కమిట్‌లో (కోడులో చేసిన మార్పును పేరుతో సహా దాచుకునే రికార్డు) ఇద్దరి పేర్లూ రాయండి. మెసేజీ చివర ‘కో-ఆథర్డ్-బై’ లైను పెడితే 2018 నుంచి గిట్‌హబ్ (కోడు దాచుకునే సైటు) ఇద్దరినీ చూపిస్తుంది. ఎవరి సిస్టం మీద చేస్తే వాళ్ళ పేరే పడుతుంటే రెండోవాళ్ళు లెక్కలో లేకుండా పోతారు. ఆ కమిట్లే తిరగేస్తే ఏ ఫైలు ఎంతమంది ముట్టుకున్నారో కూడా తెలుస్తుంది. మేడం, మీ రేటు లెక్కల ఫైలు ఒకసారి అట్టా చూడండి.

ఇంటి నుంచి పనిచేసేవాళ్ళుంటే లైవ్ షేర్ (దూరం నుంచి ఇద్దరూ ఒకే కోడు మీద రాసే టూలు) వాడుకోవచ్చు. మా ఊళ్ళో నెట్టు పోతే ఫోను హాట్‌స్పాట్ మీద అదే నడుస్తుంది, వీడియో ఆపేసి గొంతు ఒక్కటి ఉంచుకుంటాం.

ఓనరు ‘ఇద్దరి జీతం ఒక పనికా’ అని అడిగితే ఒక మాట. 1999లో యూటా యూనివర్సిటీ విద్యార్థులతో లారీ విలియమ్స్ అనే పరిశోధకురాలు చేసిన ప్రయోగంలో అలవాటు పడ్డాక జంటలకు పట్టిన శ్రమ గంటలు సుమారు 15 శాతమే ఎక్కువ, రెట్టింపు కాదు, తప్పులు కూడా తగ్గాయి. అయితే అది పెయిరింగ్ గురించి, జంటలు మార్చడం గురించి కాదు. మార్చడానికి మీ పెళ్ళి రాత్రి కథ చాలు, అదే చెప్పండి.


ప్రశ్న అడిగినవారి నుంచి, నాలుగు వారాల తర్వాత

అందరికీ దండాలు. ఏం చేశానో చెప్పకుండా పోతే బాగుండదని వచ్చాను.

కందుకూరు ఆయన చెప్పినట్టు కమిట్లు తిరగేశాను. రేటు లెక్కల ఫైలును పెట్టినప్పటి నుంచీ ముట్టుకున్నది ఆ ఇద్దరే. మూడో పేరు లేదు. ఆ స్క్రీను అందరికీ చూపించాను. నేనేమీ అనలేదు. కొత్త పెళ్ళికొడుకే ముందు మాట్లాడాడు, ‘ఆ రాత్రి మీరు ఫోను చేసుంటే బాగుండేది మేడం, నాకు మర్నాడు తెలిసి చాలా బాధేసింది’ అని. ఆ మాటతో గది మెత్తబడింది.

వెంకటగిరి ఆయన పద్ధతితోనే మొదలుపెట్టాం, పని ముగిశాక మార్పు. పనులు చిన్నవిగా కొయ్యడం మాకు రాదని మొదటి వారమే తెలిసిపోయింది. మేత బాకీలో వడ్డీ లెక్క మూడు రోజులనుకుంటే ఎనిమిది రోజులు సాగింది. అందుకని అక్కడ మాత్రం ఒంగోలు ఆయన నియమం కలిపాను: మూడు రోజులు దాటితే ఒకరు లేవాలి, ఎక్కువ రోజులున్నవాళ్ళే లేవాలి. ఇది మాకు కుదిరింది. మెట్ల పట్టిక తలుపు వెనక అంటించాం. 15 గడుల్లో 11 నిండాయి. ఒక గడి ఎప్పటికీ ఖాళీగానే ఉంటుంది. ఎందుకని నేనడగలేదు, అడగను కూడా.

గూడూరు అబ్బాయి చేతికే కీబోర్డు ఇచ్చి సీనియర్‌ని నోటితో చెప్పమన్నాను. మొదటి పూట ఇద్దరూ నరకం చూశారు. రెండో రోజు ఆ పిల్లోడు రౌండింగు అంతా ఒకే ఫంక్షన్లోకి తెచ్చి, 44.6కి, 49.5కి, సరిగ్గా 50కి లెక్క సరిగా వస్తోందా అని చూసే టెస్టులు రాశాడు. రాసింది తనే, చెప్పింది సీనియర్. కమిట్‌లో రెండు పేర్లూ ఉన్నాయి. దాన్ని నేను ఒకటికి రెండుసార్లు చూసుకున్నాను.

సీనియర్ పూర్తిగా ఒప్పుకున్నాడని చెప్పను. టీ దగ్గర జీతం సంగతి సూటిగానే మాట్లాడాను. ఆయన వింటా కూర్చుని, ‘రాసిస్తారా మేడం?’ అన్నాడు. నాకు మొదట చివుక్కుమంది. తర్వాత ఆలోచిస్తే ఆయన అడిగింది న్యాయమే. ఓనరుతో మాట్లాడి, అప్రైజల్ కాగితంలో నేర్పడానికి మార్కులు ఎట్టా వేస్తామో రాయించి ఇద్దరం సంతకాలు పెట్టాం. ఆ మర్నాడు ఆయన తనంతట తానే మేత బాకీల వైపు కుర్చీ లాక్కున్నాడు.

ఒక చిన్న అనుమానం మిగిలింది. రొట్టెల పండగ రోజుల్లో మా ఆఫీసు దారి మొత్తం స్వర్ణాల చెరువుకు పోయే జనంతో నిండిపోతుంది. పోయినేడు ముగ్గురే రాగలిగారు, మిగతావాళ్ళు ఇంటి నుంచి చేశారు. ముగ్గురున్నప్పుడు ఒకర్ని ఒంటరిగా కూర్చోబెట్టాలా, ముగ్గురూ ఒకే పని మీద కూర్చోవచ్చా? ఎవరన్నా చేసి చూశారా?


జవాబు: ఒంగోలు నుంచి

ముగ్గురూ ఒకే పని మీద కూర్చోండి మేడం, పావుగంటకోసారి కీబోర్డు చేతులు మారాలి. ఒంటరిగా ఉన్నవాళ్ళకు రేటు లెక్కలు మాత్రం ఇవ్వకండి.